గోడ సర్కారుది, మరి బొమ్మ?

1979లో ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌కు మరమ్మతులు చేపట్టారు. ఆ పనుల్లో లాబీ గోడ మీదున్న భారీ కంచు మ్యూరల్‌ను ఊడదీసి, ముక్కలను స్టోర్ రూముకు చేర్చారు. దాన్ని చేసిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు ముందుగా ఒక్క మాట చెప్పలేదు, అనుమతి అడగలేదు. ప్రభుత్వ భవనాల్లోని ఆధునిక కుడ్యకళకు మన దేశంలో ఏపాటి రక్షణ ఉందో తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ ఆ స్టోర్ రూము నుంచే మొదలుపెట్టాలి.

విజ్ఞాన్ భవన్ 1956లో పూర్తయింది. ఆ ఏడాదే యునెస్కో మహాసభ అక్కడ జరిగింది. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు కూడా కాలేదు. కొత్త దేశం కట్టుకుంటున్న కొత్త భవనాల గోడలు బోసిగా ఉండకూడదని, ఇక్కడి కళాకారులకు వాటి మీద చోటు దొరకాలని పాలకులు గట్టిగా అనుకున్న కాలం అది. రిజర్వ్ బ్యాంకు ఢిల్లీ కార్యాలయం ముందు శిల్పి రాంకింకర్ బైజ్ చెక్కిన యక్షుడు, యక్షిణి నిలబడ్డదీ, లక్నో రవీంద్రాలయ గోడకు కె.జి. సుబ్రమణ్యన్ టెర్రకోట మ్యూరల్ వచ్చిందీ ఆ ఊపులోనే. మన లక్ష్మా గౌడ్ బరోడా వెళ్లి అదే సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్ విద్య నేర్చుకున్నదీ ఆ రోజుల్లోనే. ఒక తరం కళాకారులు గ్యాలరీ గోడల కన్నా ఊరందరూ నడిచే వరండాలనే పెద్ద వేదికగా భావించారు.

1957లో సెహగల్‌కు విజ్ఞాన్ భవన్ పని అప్పగించారు. ఆయన దాని మీద ఐదేళ్లు పనిచేసి 1962లో ముగించారు. సుమారు 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తున కంచులో పోత పోసిన పల్లె జీవితం, మారుతున్న భారతదేశం. దేశ విదేశాల నేతలు అంతర్జాతీయ సభలకు వచ్చినప్పుడు దాన్ని చూస్తూ లోపలికి నడిచేవారు. అది ఏ ధనికుడి డ్రాయింగు రూములోనో ఉండి ఉంటే అంతమంది కళ్లలో పడేది కాదు. అదే సమయంలో, అది ధనికుడి సొంత ఆస్తి అయితే అంత నిర్లక్ష్యంగా ఊడదీసేవాళ్లూ కారు. ప్రభుత్వ భవనంలోని కళకు ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. అది అందరిదీ కనుక దాని బాగోగులు ప్రత్యేకంగా ఎవరి పనీ కాదు.

ఊడదీసిన సంగతి తెలిశాక సెహగల్ అధికారులకు విన్నపాలు పెట్టుకున్నారు. మళ్లీ గోడకెక్కించమన్నారు. ఫలితం లేదు. ఈలోగా స్టోరులో ఉన్న ముక్కలు దెబ్బతిన్నాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. ఆయన పేరున్న భాగం కూడా పోయింది. చివరికి 1992లో ఢిల్లీ హైకోర్టులో దావా వేసి, క్షమాపణ, నష్టపరిహారం కింద 50 లక్షల రూపాయలు కోరారు. ఉన్న ముక్కలకు ఇంకే నష్టమూ జరగకూడదని ఆ మే నెలలోనే కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తుది తీర్పు రావడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది.

ప్రభుత్వం వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. భవనం మాది, డబ్బు మేం ఇచ్చాం, వస్తువు మాది, మా వస్తువును మేం ఎక్కడ పెట్టుకుంటే ఏం? పైగా ఎప్పుడో 1979లో జరిగినదానికి ఇన్నేళ్ల తర్వాత దావా చెల్లదు. మామూలు ఆస్తి లెక్కన చూస్తే ఇందులో తప్పు దొరకదు. అయితే కళాఖండం ఒకే ఆస్తి కాదు, ఒకదాని మీద ఒకటి పేరుకున్న మూడు హక్కుల పొర. పైనున్నది వస్తువు: కంచు, సిమెంటు, రంగు. డబ్బు చెల్లించినవాడికి అది చెందుతుంది. దాని కింద కాపీరైటు ఉంటుంది. అంటే ఆ రూపాన్ని మళ్లీ ముద్రించుకునే, నకలు తీసుకునే, దాని మీద సొమ్ము చేసుకునే హక్కు. దీన్ని అమ్మవచ్చు, రాసివ్వవచ్చు. ప్రభుత్వం చెప్పి చేయించిన పని అయితే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, కాపీరైటు మొదటి యజమాని ప్రభుత్వమే అని చట్టం అంటుంది. ఈ రెండూ పోయాక కూడా కళాకారుడి చేతిలో మిగిలేది మూడోది. దాన్ని మన కాపీరైటు చట్టంలో 57వ సెక్షన్ కాపాడుతుంది. నైతిక హక్కులు అని మనం అనువదించుకున్నవి ఇవే.

ఆ సెక్షన్ ఇచ్చేవి రెండే. మొదటిది, ఇది నేను చేశాను అని చెప్పుకునే హక్కు. రెండోది, ఎవరైనా ఆ పనిని వికృతం చేసినా, ఛిద్రం చేసినా, మార్చినా, దానివల్ల తన గౌరవానికి లేదా పేరుప్రతిష్ఠలకు భంగం కలిగితే అడ్డుకునే, పరిహారం కోరే హక్కు. కాపీరైటు మొత్తం రాసిచ్చేసినా ఇవి పోవని చట్టమే స్పష్టంగా చెబుతోంది. ఈ ఆలోచన మనది మాత్రమే కాదు. కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో 1928లోనే ఇది చేరింది. మన చట్టంలో 1957 నుంచీ ఉంది. సెహగల్‌కు పని అప్పగించిన ఏడాదీ అదే. అయినా, ఒక మ్యూరల్ విషయంలో దాన్ని ప్రభుత్వం మీదే ప్రయోగించి గెలవవచ్చని 2005 దాకా ఎవరికీ నమ్మకం లేదు.

2005 ఫిబ్రవరి 21న జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్ ఇచ్చిన తీర్పు నాకు రెండు కారణాల వల్ల గొప్పదనిపిస్తుంది. పేరు చెరిపేయడం కర్తృత్వ హక్కుకు భంగమనీ, ముక్కలు చేయడం ప్రతిష్ఠకు భంగమనీ అనడం ఎవరైనా ఊహించేదే. ఆయన ఇంకో అడుగు వేశారు. ఒక కళాకారుడి పేరు నిలిచేది అతను జీవితమంతా చేసిన పనుల మొత్తం మీద. అందులోంచి ఒక పెద్ద పనిని నాశనం చేస్తే ఆ మొత్తం తరిగిపోతుంది, ప్రతిష్ఠా తరిగిపోతుంది. కాబట్టి పూర్తిగా నాశనం చేయడం ఛిద్రం చేయడానికి పరాకాష్ఠే అన్నారు. రెండో కారణం, ఆ పనిని దేశ సాంస్కృతిక వారసత్వంలో భాగంగా చూడటం. వారసత్వ రక్షణ గురించి భారత్ సంతకం చేసిన అంతర్జాతీయ ఒడంబడికలను కూడా తీర్పులో ప్రస్తావించారు. మిగిలిన ముక్కలన్నీ సెహగల్‌కు తిరిగి ఇవ్వాలని, వాటి మీద ప్రభుత్వానికి ఇక ఏ హక్కూ లేదని, 5 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించారు. ఆయన కోరుకుంటే దాన్ని మళ్లీ నిర్మించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అప్పటికి సెహగల్ వయసు ఎనభై దాటింది. 2007లో కన్నుమూశారు.

శిల్పి గెలిచాడని మనం సంతోషిస్తాం, సంతోషించాలి కూడా. కానీ ఈ తీర్పు వల్ల జనానికి ఏం దక్కిందో చూడండి. విజ్ఞాన్ భవన్ గోడ మీద జనం కోసం, జనం డబ్బుతో పెట్టిన మ్యూరల్ తిరిగి జనానికి రాలేదు. ప్రభుత్వం తప్పు చేసింది కనుక ప్రభుత్వం చేతిలోంచి తీసి శిల్పి చేతికి ఇచ్చారు. కోర్టు ముందున్నది శిల్పి, ప్రభుత్వం మాత్రమే. రోజూ ఆ లాబీలో నడిచినవాళ్ల తరఫున అక్కడ ఎవరూ లేరు. చట్టంలో వాళ్లకు కుర్చీ లేదు. 57వ సెక్షన్ కాపాడేది కళాకారుడి గౌరవాన్ని. బొమ్మను కాపాడటం దానికి ఒక్కోసారి తోడుగా వచ్చే ఫలం మాత్రమే. ఈ తేడా అర్థమైతే ఆ తర్వాతి కథంతా అర్థమవుతుంది.

ఆ తర్వాతి కథలో పెద్ద మలుపు ప్రగతి మైదాన్‌లో వచ్చింది. 1972లో ఆర్కిటెక్టు రాజ్ రేవాల్ రూపకల్పన చేసి, ఇంజనీరు మహేంద్ర రాజ్ నిలబెట్టిన ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు. రేవాల్ అదే ఢిల్లీ హైకోర్టుకు, అదే 57వ సెక్షన్ పట్టుకుని వెళ్లారు. 2019లో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. భవనాన్ని సగం మార్చి, అది ఇంకా నీ డిజైనే అన్నట్టు నిలబెడితే నీ పేరుకు మచ్చ. పూర్తిగా కూల్చేశాక చూడటానికి ఏమీ లేదు, లేనిదాన్ని చూసి నిన్ను తక్కువగా ఎవరూ అనుకోరు. పైగా స్థలం యజమానికి తన ఆస్తి మీద రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉంది. ఇదీ తర్కం.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే తల తిరుగుతుంది. ఒకదాని ప్రకారం నాశనం చేయడమంటే అన్నిటికన్నా ఘోరంగా ఛిద్రం చేయడమే. రెండోదాని ప్రకారం సగం పాడుచేస్తే తప్పు, మొత్తం పాడుచేస్తే తప్పు కాదు. 2019 తీర్పు భవనాల గురించే అని, మ్యూరళ్లకు 2005 మాటే వర్తిస్తుందని వాదించవచ్చు. నా ఉద్దేశమూ అదే. కానీ మ్యూరల్ అంటే గోడకు అతుక్కుని బతికేది. సెహగల్ పని కంచు కాబట్టి కనీసం ముక్కలైనా మిగిలాయి. తడి సున్నపు పూత మీద రంగు వేసిన బొమ్మకు ఆ అవకాశం లేదు. ఇటలీలో నిపుణులు బొమ్మ మీద బట్టను జిగురుతో అతికించి రంగు పొరను మాత్రమే ఒలిచి తీస్తారు, లేదంటే కింది పూతతో సహా కోసి తీస్తారు. రెండూ ఖర్చుతో, ప్రమాదంతో కూడుకున్న పనులు. అలాంటి బొమ్మ ఉన్న కలెక్టరేటునో రైల్వే స్టేషన్‌నో కూల్చాలనుకుంటే ఏ తీర్పు నడుస్తుంది? బొమ్మకు వర్తించేదా, గోడకు వర్తించేదా? సుప్రీంకోర్టు దీన్ని తేల్చిచెప్పేదాకా ప్రతి కేసూ కొత్తగా కొట్లాడాల్సిందే.

పడగొట్టకుండా కనపడకుండా చేస్తే? ఇక్కడ మన చట్టం కళాకారుడి పక్షాన లేదు. 1994 సవరణలో ఒక వివరణ చేర్చారు: పనిని ప్రదర్శించకపోవడం, లేదా కళాకారుడికి తృప్తి కలిగేలా ప్రదర్శించకపోవడం హక్కుల ఉల్లంఘన కాదు. అంటే మ్యూరల్ ముందు బీరువాల వరుస నిలబెట్టవచ్చు, ప్లైవుడ్ పార్టిషన్ కట్టవచ్చు, ఫాల్స్ సీలింగు దించవచ్చు. మేకు దిగి బొమ్మ పగిలితే తప్ప కేసు లేదు. అమెరికాలోనూ ఇంచుమించు ఇదే తీర్పు వచ్చింది. వెర్మాంట్ లా స్కూల్‌లో బానిసత్వ వ్యతిరేక పోరాటం మీద శామ్ కెర్సన్ 1993లో వేసిన రెండు కుడ్యచిత్రాల్లో నల్లవారిని చిత్రించిన తీరు బాధపెడుతోందని విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. స్కూలు వాటిని తాకకుండా ముందు పలకలు బిగించి శాశ్వతంగా మూసేసింది. కప్పడం నాశనం చేయడం కాదని అక్కడి అప్పీలు కోర్టు 2023లో తేల్చింది. ఈ ఒక్క విషయంలో నేను కోర్టుతో ఏకీభవిస్తాను. జనం రోజూ తిరిగే చోట ఉన్న బొమ్మతో జనానికి పేచీ వస్తే, కప్పడం అనేది తర్వాతి తరానికి మళ్లీ ఆలోచించుకునే వీలు ఉంచుతుంది. సుత్తి ఆ వీలు ఉంచదు.

అమెరికా చట్టంలో మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 1990లో వాళ్లు దృశ్య కళాకారుల కోసం తెచ్చిన చట్టంలో భవనాలకు అతికిన కళ గురించి విడిగా నియమం పెట్టారు. పాడవకుండా తీయగలిగే పని అయితే యజమాని కళాకారుడికి రాతపూర్వకంగా తెలియజేయాలి, తీసుకెళ్లడానికి 90 రోజుల గడువు ఇవ్వాలి. తీస్తే పాడయ్యేదైతే, ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నానని కళాకారుడు మొదట్లోనే సంతకం చేసి ఉండాలి. చిన్న నియమమే కానీ దానికి కోరలున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన ఆరంతస్తుల భవనం మీద కెంట్ ట్విచెల్ ఏళ్ల తరబడి వేసిన నిలువెత్తు చిత్రం మీద 2006లో నోటీసు లేకుండా రంగు కొట్టేశారు. 2008లో 11 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. న్యూయార్కులో ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీది 45 చిత్రాలకు యజమాని రాత్రివేళ సున్నం వేయించినందుకు 67.5 లక్షల డాలర్లు కట్టమని 2018లో తీర్పు వచ్చింది. అది ప్రైవేటు ఆస్తి అయినా సరే. మన చట్టంలో నోటీసు అన్న మాటే లేదు. సెహగల్‌కు 1979లో 90 రోజుల గడువు దొరికి ఉంటే ఇంత కథ నడిచేదే కాదు.

కళాకారుడి గౌరవంతో సంబంధం లేకుండా బొమ్మనే కాపాడే చట్టాలు మనకు లేవా అంటే, ఉన్నాయి. అవన్నీ పాతవాటికి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాలను ఎవరైనా గీకితే పురావస్తు శాఖ వస్తుంది, కేసు పెడుతుంది. ఆ రక్షణకు గీటురాయి వయసు. ప్రాచీన కట్టడాల చట్టానికి కనీసం వందేళ్లు కావాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టంలో వందేళ్లు నిండని పనులను కూడా కళానిధిగా ప్రకటించే వీలుంది, అయితే కళాకారుడు బతికుండగా ప్రకటించకూడదు. ఆ గౌరవం దక్కినవారు తొమ్మిది మందే: రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, ఠాగూర్ కుటుంబం నుంచి ముగ్గురు, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్. 1950ల నుంచి ఇటీవలి దాకా ప్రభుత్వ భవనాల్లో వచ్చిన మ్యూరళ్లు ఈ రెండు గట్లకూ మధ్య పడ్డాయి. వాటికి వందేళ్లు నిండాలంటే ముందు బతకాలి కదా.

అందుకే ఒక్కో బొమ్మ గతి అది వేయించిన రోజు రాసుకున్న కాగితం మీద ఆధారపడుతుంది. మన ఊళ్లలో ఇప్పుడు మ్యూరల్ పని వచ్చే దారి చూడండి. స్వచ్ఛ సర్వేక్షణ్ పరిశీలన దగ్గరపడగానే ఫ్లైఓవర్ల స్తంభాలు, మున్సిపల్ ఆఫీసు ప్రహరీలు రంగులు పూసుకుంటాయి. చదరపు అడుగుకు ఇంత అని రేటు. పెయింటింగ్ పని కింద బిల్లు. ఆ కాగితంలో గీసినవాడి పేరు ఉండదు, గోడ మీదా ఉండదు. వచ్చే ఏడాది దాని మీదే ఇంకో బొమ్మ. అన్ని బొమ్మలూ శాశ్వతంగా ఉండాలని నేను అనను. హైదరాబాద్ ఎం.ఎస్. మక్తా గోడల మీద 2016లో వచ్చిన పెద్ద చిత్రాల్లాంటివి ఎండకూ వానకూ వెలిసిపోతాయని వేసినవాళ్లకూ తెలుసు. కానీ ఒక కోర్టు హాలులో, ఒక కళాభారతిలో, ఒక అసెంబ్లీ వరండాలో పదికాలాలు ఉండాలని వేయించిన పనిని కూడా సున్నం పని లెక్కలోనే రాస్తే, తర్వాత వచ్చే ఇంజనీరుకు అది సున్నంగానే కనిపిస్తుంది. ఆయన తప్పు అందులో కొంతే.

ఒప్పందం రాసేటప్పుడు కళాకారులు ఒక చోట కళ్లు పెద్దవి చేసుకుని చదవాలి. నైతిక హక్కులు వదులుకుంటున్నాను అనే వాక్యం చివరి పేజీల్లో ఉంటుంది. వాటిని వదులుకోవచ్చా, కూడదా అన్నది 57వ సెక్షన్ చెప్పలేదు. 2015లో ఒక సినిమా తగాదాలో ఢిల్లీ హైకోర్టు, తెలిసి ఇష్టపూర్వకంగా వదులుకుంటే అది చెల్లుతుందని అంది. కాబట్టి ఆ ఒక్క సంతకంతో సెహగల్ సాధించినదంతా పోతుంది. దాని బదులు అడగాల్సినవి చాలా మామూలు సంగతులు. పేరు, సంవత్సరం ఉన్న ఫలకం. మరమ్మతు చేయాల్సి వస్తే ముందు తనను పిలవాలన్న మాట. తీసేయాల్సి వస్తే గడువు, ఆ గడువులో ఎవరి ఖర్చుతో తీయాలన్న స్పష్టత. వాడిన రంగులు, పూత, అతుకుల వివరాలున్న ఒక కాగితం భవనం ఫైలులో ఉండాలన్న షరతు. తర్వాతెప్పుడో దాన్ని శుభ్రం చేయాల్సిన మనిషికి ఆ చివరిది బంగారంలా పనికొస్తుంది.

కాపీరైటులో ఒక వింత కూడా చెప్పాలి, ఫోన్ తీసి ఫోటో కొట్టే అలవాటు మనందరికీ ఉంది కనుక. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. రంగులతో గోడ మీద వేసిన చిత్రం ఆ మినహాయింపులో లేదు. అదే చిత్రాన్ని సినిమాలో చూపించడానికి మాత్రం అనుమతి ఉంది. కంచు మ్యూరల్ పోస్టుకార్డుకు ఒక న్యాయం, రంగు మ్యూరల్ పోస్టుకార్డుకు ఇంకో న్యాయం. సవరించాల్సిన సంగతి.

చట్టం మారేదాకా జనం చేయగల పని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నియమాల్లో, శాఖల దగ్గరున్న చారిత్రక, కళాత్మక విలువగల ఆస్తులకు ఫర్నిచర్‌తో కలపకుండా విడిగా లెక్క రాయాలని ఉంది. స్థిరాస్తులను ఏడాదికోసారి కళ్లతో చూసి సరిపోల్చాలనీ ఉంది. గోడ మీది మ్యూరల్ ఆ రిజిస్టరులోకి ఎక్కితే, దాన్ని తీసేసే రోజున ఎవరో ఒక అధికారి సంతకం పెట్టాల్సి వస్తుంది. ఎక్కకపోతే అది గోడే. మీ ఊళ్లోని పోస్టాఫీసు, రైల్వే భవనం, కేంద్ర ప్రభుత్వ కార్యాలయం, దేంట్లో అలాంటి పని కనిపించినా సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి: ఈ పని ఎవరు చేశారు, ఏ సంవత్సరం, ఎంత చెల్లించారు, ఏ రిజిస్టరులో ఏ పేజీలో ఉంది, ఆఖరుసారి ఎప్పుడు తనిఖీ చేశారు. రాష్ట్ర ప్రభుత్వ భవనమైతే అవే ప్రశ్నలు ఆర్ అండ్ బి శాఖకు, మున్సిపాలిటీకి. జవాబు రాయడానికి ఆ ఫైలు వెతకాల్సిన గుమాస్తా ఆ గోడ దగ్గరికి వెళ్లి ఒకసారి తలెత్తి చూడక తప్పదు.